పదహారో వంతు ముందు

ఆ ఎండాకాలం మా ఇంటి ముందు గదిలో ఫ్యాను తిరిగిన రోజులు తక్కువ. ఉదయం ఏడున్నరకి నాన్న మాత్ర వేసుకునేవాడు. ఎనిమిదయ్యేసరికి చేతుల వణుకు తగ్గేది. ఎనిమిదీ నలభైకి మళ్ళీ మొదలయ్యేది. మధ్యలో ఉన్న ఆ నలభై నిమిషాలూ కిటికీలు మూసి, తలుపు సందుల్లో పాత తువ్వాళ్ళు కుక్కి, గోడలకి బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి కూర్చునేవాళ్ళం. నాన్న, ఆయన డోలక్, నేను, ఒక మైకు. చెమట ధారలు కట్టేది. "ఈ ఉక్కలో మీరిద్దరే ఉడికిపోయేలా ఉన్నారు, ఇంక నేను వంట చెయ్యడం దేనికి" అనేది అమ్మ, తలుపు అవతల నుంచి. ఆ మాట కూడా రికార్డయ్యేది.

నాన్న ముప్ఫై ఏళ్ళు డోలక్ వాయించి ఇల్లు నడిపాడు. వణుకు వచ్చాక పిలుపులు ఆగిపోయాయి. డాక్టరు దానికేదో బారెడు పేరు చెప్పాడు గాని, మా ఇంట్లో దాన్ని వణుకు అనే అంటాం. రోజంతా కుర్చీలో కూర్చుని ఒక చేతిని ఇంకో చేత్తో అదిమి పట్టుకునేవాడు. చూడలేకపోయేదాన్ని.

అలాంటి సమయంలో ఫ్లూట్ మావయ్య వచ్చాడు. అమ్మకి వరసకి తమ్ముడు. నోట్లో ఫ్లూటైనా ఉండాలి, మాటైనా ఉండాలి, రెండూ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

"పిల్లల కథల కంపెనీ వాళ్ళు పన్నెండు పాటలు చెయ్యమన్నారు బావా. బడులు తెరిచేలోపు ఇచ్చెయ్యాలి. డోలక్ నువ్వే" అన్నాడు, చెప్పులు విప్పుతూనే.

"ఏ చేత్తో వాయించమంటావురా?"

"అది నాకు తెలీదు. నువ్వు లేకపోతే నేనూ లేనని చెప్పొచ్చేశాను."

"అంత పౌరుషం ఎవడు పడమన్నాడు నిన్ను?"

"మా అక్కని నీకిచ్చిన పాపానికి పడ్డాను."

నాన్న నవ్వాడు, చాలా నెలల తర్వాత. ఆ నవ్వు చూసి నేను నోరు జారాను. డోలక్ మీద ఒక్కొక్క దెబ్బనీ మెల్లగా, గట్టిగా, రకరకాలుగా వాయించి కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చని, ఆ తర్వాత రబ్బరు ప్యాడ్ మీద వేలు ఆనిస్తే చాలు అదే దెబ్బ పలుకుతుందని చెప్పాను. డోలక్‌ని మోగించాలంటే భుజం నుంచి బలం రావాలి. దీనికి ఆ పని లేదు.

"పలికేది నా దెబ్బేనా?" అన్నాడు నాన్న.

"నీదే నాన్నా. నీ డోలక్, నీ చెయ్యి."

ఆయన తన చేతుల వంక చూసుకుని, "సరే, చూద్దాం" అన్నాడు.

నేను నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే సీట్లో పనిచేస్తాను. మా ఆఫీసులో ప్రింటర్ మొండికేస్తే నన్నే పిలుస్తారు. నెత్తిన రెండు తట్టి, ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే అది నడుస్తుంది. దాంతో కంప్యూటర్లన్నీ నాకు కొట్టిన పిండి అన్న గర్వం ఒకటి నాలో ముదిరిపోయి ఉంది. అదే కొంప ముంచింది.

సామాన్లు కొనడానికి వెళ్ళిన సౌండ్ షాపు మేడ మీద, ఇరుకు గది. షాపాయన మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతూ ఉంటాయి. తర్వాత్తర్వాత మా అమ్మ ఆయనకి కంఠాభరణం అని పేరు పెట్టింది. మా ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది.

"మీ కంప్యూటర్ ఏ సంవత్సరానిదండీ?" అని అడిగాడు.

"మంచిదేనండీ, బాగా నడుస్తుంది."

"మంచిదా కాదా అని కాదు. ఏ సంవత్సరానిది?"

"మూడు నాలుగేళ్ళయి ఉంటుంది" అన్నాను. తొమ్మిదేళ్ళది. అడిగినవాళ్ళకి వయసు తగ్గించి చెప్పడం మా వంశంలోనే ఉంది, కంప్యూటర్‌ని మాత్రం ఎందుకు వదులుతాను?

"అయితే ముందు సాఫ్ట్‌వేర్ సంగతి తేల్చుకోండి. అది ఏ సిస్టమ్ మీద నడుస్తుందో చూడండి. మైకునీ స్పీకర్లనీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె ఒకటి కావాలి, ఆ సిస్టమ్‌తో పడేది నేను చెప్తాను. మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. వివరాలు ఒక చీటీ మీద రాసుకుని రండి" అన్నాడు.

చీటీ రాసుకు రావడానికి ఇదేమన్నా సరుకుల కొట్టా అనుకున్నాను. కళ్ళ ముందు ముచ్చటైన ఎర్ర పెట్టె ఒకటి కనబడింది. మైకు తీగ ఒక పక్క, స్పీకర్ల తీగలు ఒక పక్క, ముందు తిప్పే మరలు రెండు. అప్పటికప్పుడు దాన్నీ, ఎనిమిది ప్యాడ్లున్న పలకనీ కొనుక్కుని ఇంటికొచ్చేశాను.

దెబ్బల్ని ప్యాడ్ల కింద అమర్చే సాఫ్ట్‌వేర్ కొత్తది మా పాత కంప్యూటర్ మీద ఎక్కనంది. వెతికి దాని పాత రకం ఎక్కించాను. అప్పుడు ఎర్ర పెట్టె అలిగింది. పెట్టెకీ కంప్యూటర్‌కీ మాట కలిపే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టెతోనే వస్తుంది. అది మా సిస్టమ్ మీద నడవనని మొహం మీదే చెప్పేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అంటే డ్రైవరు లేని బండి కొనుక్కొచ్చావన్నమాట" అంది అమ్మ.

ఆ క్షణమే పెట్టె తిరిగిచ్చేసి, కంప్యూటర్ వయసు నిజం చెప్పి ఉండాల్సింది. సిగ్గేసింది. ఏ పెట్టెకైనా సరిపోయే ఉమ్మడి డ్రైవర్ ఒకటి పెట్టాను. శబ్దం వచ్చింది. వేగంగా పలికేలా పెడితే చిటపటలు. కొట్టాక కాస్త ఆగి పలికేలా వేగం తగ్గిస్తే చిటపటలు పోయాయి. పీడా వదిలిందనుకుని అలాగే ఉంచేశాను.

పన్నెండు పొద్దుల పాటు నాన్న దెబ్బలు ఎక్కించాం. ఒక్క "ధా" దెబ్బనే ఎనిమిది రకాల బలంతో, ఒక్కో రకం నాలుగేసిసార్లు. ఒకసారి కొట్టినట్టు ఇంకోసారి ఏ మనిషీ కొట్టడు, అందుకని. నాన్న కళ్ళు మూసుకుని, నేను వేలు ఎత్తినప్పుడల్లా ఒక దెబ్బ వేసి, అది గదిలో పూర్తిగా చచ్చిపోయేదాకా ఊపిరి బిగబట్టేవాడు. ఒక మంచి "గే" దెబ్బ తోకలో కుక్కర్ కూత దూరింది. తీసేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. "ఉండనీ, మీ అమ్మకి కూడా పాటలో పేరు రావాలిగా" అన్నాడు.

అన్నీ అమర్చాక ఒక సాయంత్రం ఆయన ముందు ప్యాడ్లు పెట్టాను. మధ్యవేలు ఆనించాడు. గది నిండా ఆయన డోలకే పలికింది. నాన్న తల ఎత్తలేదు. మళ్ళీ ఆనించాడు, మళ్ళీ.

"బాగుంది" అన్నాడు. తర్వాత, "కాకపోతే ఎవరో నా వెనక నుంచుని, నేను కొట్టాక వాళ్ళు పలుకుతున్నట్టుంది అమ్మడూ" అన్నాడు.

అది దేనివల్లో నాకు తెలుసు. నేను తగ్గించిన వేగం వల్ల.

"కొత్త కదా నాన్నా. అలవాటైపోతుంది."

నా మాట వమ్ము చెయ్యలేదాయన. నాలుగు రోజుల్లో అలవాటు పడ్డాడు. స్పీకర్‌లో తాళానికి టిక్ టిక్ పెడితే, డోలక్ సరిగ్గా దాని మీదే పడేది. మూడు వారాలు మా ఇల్లు ఇల్లులా ఉంది. వణుకు ఉన్న పూటల్లో కూడా ప్యాడ్ల ముందే కూర్చునేవాడు, ఇంత వాయించి, ఇంత ఆగి, మళ్ళీ. కాఫీ చల్లారిపోతోందని అమ్మ తిట్టడం, వినబడనట్టు ఆయన నటించడం. ఇదంతా నా చలవేనని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను.

ఒక ఉదయం ఫ్లూట్ మావయ్య వచ్చాడు. రెండు పాటలు కలిసి వాయించుకున్నారు. మావయ్య ముఖం విప్పారింది. "పెట్టె గొప్పగానే ఉంది గాని, మాత్ర టైము ఇంకా మిగిలే ఉంది కదా. ఒక్కసారి అసలు దాని మీద వాయించు బావా, విని ఎన్నాళ్ళైందో" అన్నాడు.

నాన్న సంతోషంగా డోలక్ ఒళ్ళోకి తీసుకున్నాడు. నేను అలవాటు కొద్దీ మైకు వేశాను. టిక్ టిక్ నడుస్తోంది. తాళం నాలుగు తిరుగుళ్ళు అయ్యాయో లేదో, మావయ్య ఫ్లూటు తడబడి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ ఆగింది. మూడోసారీ ఆగింది. ఆయన నోట్లో ఫ్లూటూ లేదు, మాటా లేదు.

"ఏమైందిరా?" అన్నాడు నాన్న.

"కొంచెం ముందు పోతున్నావు బావా."

"ఎక్కడ?"

"అంతటా."

నాన్న ఒంటరిగా, టిక్ టిక్ మీద ఇంకోసారి వాయించాడు. "సరిగ్గానే ఉందిగా" అన్నాడు. మావయ్య నేల చూపులు చూశాడు. నాకూ తెలుస్తూనే ఉంది, దెబ్బ ముందు, టిక్కు వెనక. నాన్న మా ఇద్దరి ముఖాలూ చూసి, డోలక్‌ని మెల్లగా పక్కన పెట్టి, గుడ్డ కప్పాడు.

"చెయ్యి పోతుందని డాక్టరు చెప్పాడు. కాలం కూడా పోతుందని చెప్పలేదే" అన్నాడు. కోపంగా అనలేదు. అని, లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆయన ముందు గదిలోకి రాలేదు. ప్యాడ్ల జోలికీ పోలేదు. మావయ్యకి ఫోన్ చేసి "ఇంకెవర్నైనా చూసుకోరా" అన్నాడు. ఎవర్నీ చూసుకోనని మావయ్య అటు నుంచి అరిచాడు. వాయించేవాడికి చెయ్యి ఒక ఎత్తు, దెబ్బ ఎప్పుడు పడాలో చెప్పే కాలం ఒక ఎత్తు. చెయ్యి లేకపోయినా నోటితో లెక్క చెప్పి పదిమందిని నడిపించవచ్చు. కాలం పోతే తను ఏమిటో తనకే తెలియదు. నాన్న పెరట్లో కుర్చీ వేసుకుని గోడ వంక చూస్తూ కూర్చునేవాడు, వీధిలో బండి హారన్ మోగినా ఉలిక్కిపడేవాడు.

"ఆ పెట్టె రాకముందు ఆయనకి చేతులే లేవు. ఇప్పుడు మనిషే లేడు" అంది అమ్మ. నన్ననలేదు, గిన్నెలు తోముతూ తనలో తను అనుకుంది. నాకు మాత్రం ముల్లులా దిగింది.

ఆ రోజు మైకు పట్టిన రికార్డు తీసి విన్నాను. టిక్ టిక్ కూడా అందులో పడింది. తెర మీద పెద్దది చేసి, టిక్కుకీ దెబ్బకీ మధ్య ఎంత ఉందో కొలిచాను. సెకనులో పదహారో వంతు. రెండో దెబ్బా అంతే. ఇరవయ్యోదీ అంతే. నలభై దెబ్బలు కొలిచాను, వెంట్రుకవాసి అటూ ఇటూగా అన్నీ పదహారో వంతే ముందు. నేనే కొలవడంలో తప్పు చేస్తున్నానేమో అనిపించి, దాన్ని పట్టుకుని మేడ మీద షాపుకి వెళ్ళాను.

కంఠాభరణం చాలాసేపు తెర చూశాడు.

"ఎవరు వాయించింది?"

"మా నాన్న. కాలం తప్పిపోయిందని మంచం పట్టినంత పని చేశాడు."

"కాలం తప్పినవాడు ఒకటి ముందు వేస్తాడు, ఒకటి వెనక వేస్తాడు. ఈయన నలభైకి నలభై ఒకే కొలతలో వేశాడు. నా ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత నిక్కచ్చి కాలం చూడలేదమ్మా" అన్నాడు. మళ్ళీ తెర వంక చూసి, "ఇంట్లో ప్యాడ్ల మీద వాయిస్తున్నారా? ఏ డ్రైవర్ పెట్టారు?" అన్నాడు.

చెప్పాను. కంప్యూటర్ వయసు కూడా చెప్పాను. ఆయన మెడలోంచి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంటికెళ్ళి ఫోన్‌లో రికార్డు పెట్టుకుని, ప్యాడ్‌ని గోటితో ఒక్కసారి టక్కున కొట్టండి. గోటి చప్పుడూ, స్పీకర్ చప్పుడూ రెండూ పడతాయి. మధ్య ఎంతుందో కొలవండి."

ఇంటికొచ్చి కొట్టాను. తెర మీద రెండు గుట్టలు లేచాయి. మధ్య దూరం కొలిస్తే పదహారో వంతు.

నేను తెచ్చిన పెట్టె ఎంత ఆలస్యం చేస్తోందో, నాన్న సరిగ్గా అంత ముందు కొడుతున్నాడు. శబ్దం తాళం మీద పడాలని, తనకే తెలియకుండా. డోలక్ ఒళ్ళోకి తీసుకున్నా చేతులు అదే చేశాయి, చెవి అదే ఒప్పుకుంది. ఆయన కాలం ఎక్కడికీ పోలేదు. నేనే దాన్ని పక్కకి జరిపాను.

కంప్యూటర్ పెరట్లోకి పట్టుకెళ్ళి నాన్న ముందు పెట్టాను. అంతా చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెండు గుట్టల మీదా వేలు పెట్టి చూశాడు.

"అంటే, వెనకబడుతోంది పెట్టె. దాని కోసం నేను ముందుకెళ్ళాను."

"అవును నాన్నా."

"మొదటి రోజే అన్నాను కదా, ఎవరో వెనక పలుకుతున్నట్టుందని."

"అన్నావు."

"నీకప్పుడే తెలుసా?"

తెలియదంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"తెలుసు. అలవాటైపోతుందిలే అనుకున్నాను."

నాన్న తెర మీంచి వేలు తీశాడు. ఎడమచేయి వణుకుతోంది, దాన్ని పట్టుకోనైనా లేదు. "చెయ్యి ఇలా ఆడుతుంటే చూస్తూ ఊరుకోవచ్చు అమ్మడూ. తొమ్మిది రోజులు నన్ను నేను నమ్మలేదు" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, సంగతంతా విని, "ఏడుపు తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని, ముందు ఆ పెట్టె ఇచ్చేసి రా" అంది.

మర్నాడు చీటీ రాసుకున్నాను. కంప్యూటర్ సంవత్సరం, సిస్టమ్, సాఫ్ట్‌వేర్ రకం, అన్నీ నిజాలే. ఎర్ర పెట్టె, కంప్యూటర్, ప్యాడ్లు సంచిలో పెట్టుకుంటే నాన్న కూడా వస్తానన్నాడు. మేడమెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. కంఠాభరణం చీటీ చదివి, లోపలి నుంచి మూడు పాత పెట్టెలు తీసుకొచ్చాడు. "పాతదానికి పాతదే పడుతుంది సార్. ఈ మూడింటి డ్రైవర్లూ మీ సిస్టమ్ మీద నడుస్తాయి. ఏది ఎంత తొందరగా పలుకుతుందో లెక్క చెప్తాను, ఉండండి."

నాన్న ఆ లెక్క కోసం ఆగలేదు. మొదటిదానికి ప్యాడ్ తగిలించి తట్టాడు. "ఇది లేటు." రెండోది. "ఇదీ లేటే, కాస్త నయం." మూడోది రంగు వెలిసిన పెట్టె, ఒక మూల సొట్ట. తట్టాడు. ఇంకోసారి తట్టాడు. ఏమీ అనకుండా వాయిస్తూనే ఉన్నాడు. మా వెనక తీగ కొనడానికి వచ్చిన ఇంకో ఆయన, అడగడం మానేసి వింటూ నుంచున్నాడు. సొట్ట పెట్టె తెచ్చుకున్నాం.

పెట్టె మారినంత సులువుగా మనిషి మారతాడా? ఇప్పుడు కొట్టగానే పలుకుతోంది, నాన్న చేతులు మాత్రం ఇంకా ముందే పడుతున్నాయి. నేర్చుకున్నదంతా మరచిపోవాలి. నాలుగు తిరుగుళ్ళు వాయించి ఆగి, "ఎంత?" అనేవాడు. నేను తెర చూసి చెప్పేదాన్ని. ముందు. ఇంకా ముందే. కొంచెం ముందు. ఆరో రోజుకి సరిగ్గా పడింది. అయినా ఆ అడగడం పోలేదు. ఒక్క పాట కూడా ఆగకుండా పూర్తి చేసేవాడు కాదు. ముప్ఫై ఏళ్ళు ఎవర్నీ అడగని మనిషి, ప్రతి రెండు నిమిషాలకీ నా ముఖంలోకి చూసేవాడు. డోలక్ మీద కప్పిన గుడ్డ తియ్యనేలేదు. ఇంక ఎప్పటికీ ఇంతేనేమో, ఆయన చెవి ఆయనకి తిరిగి ఇవ్వడం నా వల్ల కాదేమోనని భయం పట్టుకుంది.

బడులు తెరవడానికి వారం ముందు మావయ్య మకాం మా ఇంటికే మార్చాడు. బొంతలు, తువ్వాళ్ళు, ఆగిన ఫ్యాను. పొద్దుటిపూట రెండేసి పాటల చొప్పున తీశాం. ప్రతి పాట ముందూ నేను "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్క చెప్పేదాన్ని, అక్కణ్ణుంచి వాళ్ళు అందుకునేవాళ్ళు. ప్రతి పాటకీ నాలుగైదుసార్లు ఆగడం, "ఎంత?" అనడం, నేను చెప్పడం, మళ్ళీ మొదలుపెట్టడం. మావయ్య విసుక్కోలేదు. ఆయన విసుక్కోకపోవడం చూస్తే నాకు ఇంకా దిగులేసేది.

చివరి రోజు పదకొండో పాట అయ్యాక నాన్న ప్యాడ్లు పక్కకి జరిపాడు. పన్నెండోది జోలపాట. లేచి వెళ్ళి డోలక్ మీద గుడ్డ తీసి, తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. టైము ఎనిమిదీ ఇరవై. మావయ్యా నేనూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం.

వాయించారు. పాట మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆఖరి దెబ్బ గదిలో సన్నగా అణిగిపోయేదాకా ఎవరం కదల్లేదు.

"అయిపోయింది బావా, దీన్ని మించి ఇంకేం కావాలి? కట్టెయ్యమ్మా మైకు" అన్నాడు మావయ్య. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

నాన్న తల అడ్డంగా ఆడించాడు. "రెండో చరణంలో, మూడో తిరుగుడు. ఒక దెబ్బ వెనకబడింది."

"నాకేం వినబడలేదు."

"నాకు వినబడింది."

ఆ చోటు వెతకడానికి నేను తెర మీదకి వంగాను.

"చూడక్కర్లేదు. వెనకబడింది. మళ్ళీ తీద్దాం" అన్నాడు, నా వైపు తిరగనైనా తిరగకుండా, డోలక్ తాళ్ళు బిగిస్తూ.

ఆ దెబ్బ నిజంగానే వెనకబడింది. వారం తర్వాత నేనొక్కదాన్నే ఉన్నప్పుడు కొలిచాను. ముందు కాదు, వెనక. పెట్టె చేసిన తప్పు కాదు, అచ్చంగా ఆయనదే, గోరంత. ఆ పొద్దున మాత్రం చూడలేదు. నాన్న తన తప్పు తను పట్టుకున్నాడన్న సంతోషంతో లెక్క చెప్పడమే మరచిపోయి ఆయన్నే చూస్తూ ఉండిపోయాను.

"ఏమ్మా, నిద్రపోయావా? ఇంకా పదిహేను నిమిషాలే ఉంది నాకు" అన్నాడు నాన్న.

తెర ఆపేసి, మొదటి నుంచి లెక్క చెప్పాను.